ఫైళ్ళ సర్దుబాటు: కుడిమీట పట్టీని మన పనికి అమర్చుకొను విధము

నేతపని చేయు మన కుటుంబములలో నేడు మగ్గము ప్రక్కన కంప్యూటరు కూడ ఒక పనిముట్టయినది. షోలాపురములో దుప్పట్లు, తువాళ్ళు నేయించు ఇండ్లయందును, భివండి మరమగ్గముల కార్ఖానాలయందును, కంచి, బెంగుళూరు, బరంపురము మొదలగుచోట్ల పట్టు వ్యాపారము చేయు మనవారి అంగళ్ళయందును బేరము సగము ఫోనులో జరుగుచున్నది. వర్తకుడు అంచు బొమ్మ పంపును. రంగుల పట్టిక పంపును. నూలు కొట్టువారు బిల్లు పంపుదురు. ఇవి యన్నియు ఫైళ్ళే. ఫైళ్ళు వచ్చుట సులభమయినది గాని, వచ్చినదానిని దాచుట, దాచినదానిని తిరిగి తీయుట మనలో చాలమందికి ఇంకను అలవడలేదు. ఈ పాఠములో మేము చెప్పబోవునది ఆ పనికి పనికివచ్చు ఒక చిన్న ఏర్పాటు. దీనికి కొత్త సాఫ్ట్‌వేరు కొననక్కరలేదు. ఒక గంట తీరిక చాలును.

నష్టము ఎక్కడ కలుగుచున్నది?

ఒక ఇంటి సంగతి అనుకొందము. గత దీపావళికి నేసిన చీర అంచు మరల కావలెనని వర్తకుడు ఫోను చేసినాడు. ఆ డిజైను ఫైలు కంప్యూటరులోనే ఉన్నది. కాని అది ఎచ్చట ఉన్నదో ఎరిగిన కుర్రవాడు ఉద్యోగమునకై పుణె వెళ్ళినాడు. తండ్రి వెదకినాడు, కోడలు వెదకినది. డౌన్‌లోడ్స్ అను ఫోల్డరులో వందలకొలది బొమ్మలు, బిల్లులు, పెండ్లి పత్రికలు కలసి పడియున్నవి. సాయంత్రమునకు దొరకలేదు. మరునాడు వర్తకుడు ఆ బేరమును వేరొకరికి ఇచ్చినాడు. ఇక్కడ లోపము కంప్యూటరుది కాదు. వచ్చిన ఫైలు వచ్చినచోటనే పడియుండుటయే లోపము.

జకార్డు మగ్గము ఎరిగిన మనకు ఈ సంగతి వేరుగా బోధింపనక్కరలేదు. ఫ్రాన్సు దేశపు లియాన్ నగరమున 1804లో జోసఫ్ మేరీ జకార్డు రూపొందించిన ఆ యంత్రములో డిజైను అంతయు అట్టలమీదనే ఉండును. అట్టలో రంధ్రమున్నచోట సూది అడ్డులేక పోవును, దాని హుక్కు లేచును, పడుగు పోగు పైకి వచ్చును. రంధ్రము లేనిచోట పోగు లేవదు. అట్టలను వరుసగా కుట్టి, కట్టగట్టి, డిజైను పేరు వ్రాసి మన పెద్దలు గోడకు వ్రేలాడదీసెడివారు. ఏ కట్ట ఎచ్చట ఉన్నదో ఇంటిల్లపాదికి తెలియును. నేడు అట్ట స్థానమున ఫైలు వచ్చినది. ఎలెక్ట్రానిక్ జకార్డు ఆ ఫైలును నేరుగా చదువుకొనును. వస్తువు మారినను, కట్టగట్టి కొయ్యకు తగిలించు పని మారలేదు. ఆ కొయ్యను కంప్యూటరులో ఎట్లు నాటవలెనో చూతము.

కుడిమీట పట్టీ

మౌసునకు రెండు మీటలుండును. ఎడమ మీట ఫైలును ఎన్నుకొనుటకు, తెరచుటకు. కుడి మీటతో ఫైలుమీద నొక్కినచో ఒక పట్టీ తెరచుకొనును. తెరువుము, కత్తిరింపుము, నకలు తీయుము, పేరు మార్పుము, తొలగింపుము అను అర్థము గల మాటలు అందులో వరుసగా కనిపించును. 1995లో వచ్చిన విండోస్ 95 నాటినుండి ఈ పట్టీ సామాన్యుల వాడుకలోనికి వచ్చినది. అందులోనే ‘సెండ్ టు’ అను ఒక వరుస కలదు. ‘ఇచ్చటికి పంపుము’ అని దాని భావము. దానిమీద మౌసు నిలిపినచో ప్రక్కన ఇంకొక చిన్న పట్టీ విప్పుకొనును. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, ఫ్యాక్సు మొదలగు పేర్లు అందులో ఉండును.

ఆ పేర్లను మైక్రోసాఫ్టువారు అందరికొరకు పెట్టినారు. ఫ్యాక్సు పంపువారు మనలో ఇప్పుడెవ్వరు? మన దుకాణము పేర్లు అందులో లేవు. వాటిని మనమే చేర్చుకొనవచ్చును. ఒకసారి చేర్చినచో వచ్చిన ఫైలును దాని స్థానమునకు చేర్చుటకు రెండు మూడు నొక్కులు చాలును. రోజుకు 20 ఫైళ్ళు వచ్చు ఇంటిలో, ఒక్కొక్కదానికి అరనిమిషము మిగిలినను రోజుకు 10 నిమిషములు. నెలకు 25 పనిదినములని లెక్కించినచో 250 నిమిషములు, అనగా నాలుగు గంటలకు పైమాట. అంతకంటె ముఖ్యము, పని సులభమయినప్పుడే దానిని ప్రతిదినము చేయుదుము. కష్టమయినచో రేపటికి వాయిదా వేయుదుము. డౌన్‌లోడ్స్ ఫోల్డరు నిండిపోవుట ఆ వాయిదాల ఫలమే.

ముందుగా కాగితముమీద

పడుగు లెక్క వేయక పడుగు పోయుదుమా? ఇదియును అట్లే. కంప్యూటరు దగ్గర కూర్చుండుటకు ముందు ఇంటివారందరు ఒకచోట చేరి, మన ఇంటికి వచ్చు ఫైళ్ళు ఎన్ని రకములో కాగితముమీద వ్రాసికొనవలెను. సాధారణముగా నాలుగు రకములు తేలును. మొదటిది, వర్తకులు పంపిన కొత్త బేరములు. రెండవది, మన సొంత డిజైనులు, అనగా నమూనాలు. మూడవది, బిల్లులు, లెక్కలు. నాలుగవది, నేసిన సరకు ఫోటోలు. ఇంతకు మించి పది, పదునైదు రకములు చేయవద్దని మా సలహా. పట్టీ పొడవయినచో వెదకులాట మరల మొదలగును.

తరువాత కంప్యూటరులో డి డ్రైవునందు, అది లేనిచో డాక్యుమెంట్స్ నందు, దుకాణము పేర ఒక పెద్ద ఫోల్డరు చేసి, దానిలో ఈ నాలుగింటికి నాలుగు ఫోల్డర్లు చేయవలెను. ఈ ఫోల్డర్ల పేర్లను మాత్రము ఆంగ్లాక్షరములలో, చిన్నవిగా పెట్టుట మేలు. పాత డిజైను సాఫ్ట్‌వేర్లు కొన్ని తెలుగు అక్షరములున్న దారిని చదువలేక ఫైలు తెరువవు. తెలుగు పేర్లు ఎచ్చట పెట్టవలెనో ముందు చెప్పుదుము.

చేర్చు విధము

ఇప్పుడు అసలు పని. కీబోర్డు క్రింది వరుసలో కిటికీ బొమ్మ గల మీట యొకటి యుండును. దానిని పట్టుకొని ‘ఆర్’ అక్షరమును నొక్కవలెను. ఒక చిన్న పెట్టె తెరచుకొనును. అందులో ఆంగ్లాక్షరములలో ‘షెల్’ అని (ఎస్, హెచ్, ఇ, ఎల్, ఎల్), వెంటనే ఒకదానిపైనొకటి రెండు చుక్కల గుర్తు, వెంటనే ‘సెండ్‌టు’ అని (ఎస్, ఇ, ఎన్, డి, టి, ఓ) ఖాళీ విడువక కొట్టి, ఎంటర్ నొక్కవలెను. ఒక ఫోల్డరు తెరచుకొనును. సెండ్ టు పట్టీలో కనిపించు పేర్లలో ఎక్కువ భాగము ఇందులోనే యుండును. ఇందులో ఒక పేరు చేర్చినచో పట్టీలో చేరును, తీసివేసినచో పట్టీనుండి పోవును. కిటుకంతయు ఇదియే.

ఆ ఫోల్డరులో ఖాళీ స్థలమున కుడిమీట నొక్కి, ‘న్యూ’ అనుదానిలో ‘షార్ట్‌కట్’ అను మాటను ఎన్నుకొనవలెను. ‘బ్రౌజ్’ అను మీట నొక్కి, మనము చేసిన నాలుగు ఫోల్డర్లలో మొదటిదానిని చూపవలెను. ‘నెక్స్ట్’ నొక్కగా పేరడుగును. ఇక్కడ తెలుగులో ‘1 కొత్త బేరములు’ అని వ్రాసి ‘ఫినిష్’ నొక్కవలెను. ఇట్లే ‘2 నమూనాలు’, ‘3 లెక్కలు’, ‘4 సరకు ఫోటోలు’ అని మిగిలినవి చేయవలెను. షార్ట్‌కట్ పేరు ఫోల్డరు పేరుతో ఒకటియై యుండనక్కరలేదు. కావున లోపల ఆంగ్లము పేరుండినను, మన కంటికి కనిపించునది తెలుగు పేరే. సాఫ్ట్‌వేరునకు చిక్కు లేదు, మనకును చిక్కు లేదు.

పేరుకు ముందు అంకె పెట్టుమనుటకు రెండు కారణములు. అంకెలున్న పేర్లు పట్టీలో వరుసగా నిలుచును. రెండవది, మన పిల్లలలో పలువురు మరాఠీ, కన్నడము, తమిళము, ఒరియా బడులలో చదువుచున్నారు. ఇంటిలో తెలుగు మాటలాడుదురు గాని తెలుగు లిపి తడబడుచు చదువుదురు. అట్టి పిల్లవానికి అంకె ఆధారమగును. రోజుకు పదిసార్లు ఆ పేరు కంటబడగా, ‘నమూనాలు’ అను మాటను చదువుట తనంతట అలవడును.

ఫ్యాక్సు వంటి అక్కరలేని పేర్లను తీసివేయవచ్చును. తుడిచివేయుటకంటె, వాటిని వేరొక ఫోల్డరులోనికి జరిపి ఉంచుట మంచిది. కావలసినప్పుడు తిరిగి తెచ్చుకొనవచ్చును.

తరలింపు వేరు, నకలు వేరు

ఇది ఈ పాఠములో అన్నిటికంటె ముఖ్యమయిన భాగము. దీనిని రెండుసార్లు చదువుడని కోరుచున్నాము.

ఫైలును ఒకచోటికి ‘పంపుట’ రెండు విధములు. పాతచోట లేకుండ కొత్తచోటికి పోవుట తరలింపు. పాతచోట ఉండగనే కొత్తచోట మరియొకటి ఏర్పడుట నకలు. ఈ రెంటిలో ఏది జరుగవలెనో మనమే చెప్పవలెను. సెండ్ టు పట్టీ తెరచి, మన ఫోల్డరు పేరుమీద నొక్కునప్పుడు షిఫ్టు మీటను పట్టుకొన్నచో తరలింపు. కంట్రోల్ మీటను పట్టుకొన్నచో నకలు. పట్టీ తెరచుటకు ముందే షిఫ్టు పట్టుకొనరాదు. అట్లు పట్టుకొన్నచో పట్టీయే మారి, పేర్లు ఎక్కువగా కనిపించును. పట్టీ విప్పుకొన్న తరువాత, కడపటి నొక్కు సమయమున మాత్రమే పట్టుకొనవలెను.

ఎప్పుడు ఏది? డౌన్‌లోడ్స్‌లో పడిన కొత్త ఫైలును తరలింపవలెను. అప్పుడే ఆ ఫోల్డరు ఖాళీగా ఉండును, ఏది చూచినాము ఏది చూడలేదు అను అనుమానము రాదు. మన నమూనాల ఫోల్డరులోని డిజైనును మాత్రము ఎన్నడును తరలింపరాదు, నకలే తీయవలెను. ఎందువలన? వర్తకుడు పాత అంచును కొంచెము మార్చి కావలెనన్నాడనుకొనుడు. మూలమునే బేరముల ఫోల్డరులోనికి తరలించి, బుటా మార్చి, అదే పేరుతో దాచినచో పాత డిజైను ఇక లేదు. తాతనాటి అట్టలను చూచి ఎవరో కష్టపడి గీసిన గళ్ళ బొమ్మ కావచ్చును. ఒక్క నొక్కుతో పోవును. నకలు తీసి, నకలుమీద మార్పు చేసినచో మూలము చెక్కుచెదరదు.

కావున మొదటిరోజున అసలు ఫైళ్ళను ముట్టవద్దు. పనికిరాని బొమ్మ నొకదానిని తీసికొని, షిఫ్టుతో ఒకసారి, కంట్రోలుతో ఒకసారి పంపి, పాతచోట ఉన్నదో లేదో కన్నులార చూచుకొనవలెను. పొరపాటున తరలింపు జరిగినచో, వేరే పని చేయకముందే కంట్రోలు పట్టుకొని ‘జెడ్’ నొక్కినచో ఫైలు తిరిగి పాతచోటికి వచ్చును.

విండోస్ 11 ఉన్నవారికి

2021లో వచ్చిన విండోస్ 11లో కుడిమీట పట్టీ పొట్టిదయినది. సెండ్ టు సాధారణముగా అందులో వెంటనే కనిపించదు. పట్టీ అడుగున ‘షో మోర్ ఆప్షన్స్’ అని ఉండును. దానిని నొక్కినచో పాతకాలపు పొడవు పట్టీ వచ్చును. లేదా ఫైలును ఎన్నుకొని షిఫ్టుతో ఎఫ్10 మీట నొక్కినను అదియే వచ్చును. మనము చేర్చిన పేర్లు అచ్చటనే ఉండును. ఒక నొక్కు ఎక్కువయినను మిగిలిన పద్ధతి ఒక్కటే.

డిజైను, జిప్పు, పెన్‌డ్రైవు

సెండ్ టు ఫోల్డరులో ఫోల్డర్ల దారులనే గాక సాఫ్ట్‌వేర్ల షార్ట్‌కట్లను కూడ పెట్టవచ్చును. బొమ్మమీద కుడిమీట నొక్కి ఆ పేరు ఎన్నుకొన్నచో, ఆ సాఫ్ట్‌వేరు చదువగలిగిన ఫైలయినచో నేరుగా అందులో తెరచుకొనును. ఒకే బొమ్మను ఒకసారి మామూలుగా చూచుటకును, ఒకసారి గళ్ళలోనికి మార్చుటకును వేర్వేరు సాఫ్ట్‌వేర్లు వాడు డిజైనర్లకు ఇది మిక్కిలి ఉపయోగము. నేతకై ఉచితముగా వాడుకొనదగిన డిజిబునాయి అను డిజైను సాఫ్ట్‌వేరును కేంద్ర ప్రభుత్వమునకు చెందిన డిజిటల్ ఇండియా కార్పొరేషను తయారుచేసినది. డాబీకి, జకార్డుకు కూడ అది పనికివచ్చును. అది వాడువారు దాని ఫైళ్ళను సైతము పైన చెప్పిన నమూనాల ఫోల్డరులోనే ఉంచుట మంచిది.

సెండ్ టు పట్టీలో మొదటినుండియు ఉన్న పేర్లలో ఒకటి నిలుపుకొనదగినది. అది ‘కంప్రెస్డ్ ఫోల్డర్’, అనగా జిప్పు మూట. నమూనాల ఫోల్డరుమీద కుడిమీట నొక్కి ఆ పేరు ఎన్నుకొన్నచో, ఫోల్డరంతయు ఒక్క మూటయై ప్రక్కన ఏర్పడును. మూలము అట్లే ఉండును. ఆ మూటకు ఆనాటి తేదీని పేరుగా పెట్టి, పెన్‌డ్రైవు తగిలించినచో దాని పేరు కూడ పట్టీలో తనంతట కనిపించును, దానికి పంపవలెను. వారమునకొకసారి ఇట్లు చేసిన ఇంటిలో కంప్యూటరు చెడిపోయినను డిజైనులు పోవు. పెన్‌డ్రైవును కంప్యూటరు బల్లమీదనే గాక వేరొకచోట, వీలయిన వేరొక ఇంటిలో, దాచవలెను.

తేదీని వ్రాయునప్పుడు ముందు సంవత్సరము, తరువాత నెల, తరువాత దినము వ్రాయవలెను. అట్లయిన ఫైళ్ళు కాలక్రమమున తమంతట నిలుచును. దినము ముందు వ్రాసినచో జనవరి 5, మార్చి 5 ప్రక్కప్రక్కన చేరి తికమక పెట్టును.

లెక్కల ఫోల్డరు

మూడవ ఫోల్డరును తేలికగా చూడరాదు. 2017 జూలై 1 నుండి జీఎస్‌టీ వచ్చినది. అందులో నమోదయిన వర్తకుడు తన లెక్కల పత్రములను, ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీనుండి 72 నెలలు భద్రపరుపవలెనని చట్టము. ఆరు సంవత్సరములు నిలువవలసిన బిల్లు ఫోనులోని సందేశములలో నిలుచునా? ఫోను మారును, సందేశములు తుడిచివేయబడును. నూలు బిల్లు, రంగు బిల్లు, రవాణా చీటి ఏది వచ్చినను కంప్యూటరులోనికి తెచ్చి, ఆనాడే కుడిమీటతో ‘3 లెక్కలు’కు తరలించినచో, నెలాఖరున లెక్కల గుమాస్తాకు ఫోల్డరు నిచ్చిన చాలును. ఆ ఫోల్డరులో సంవత్సరమునకొకటి చొప్పున లోపలి ఫోల్డర్లు చేసికొనుట మంచిది.

చేయరానివి

సెండ్ టు ఫోల్డరులో షార్ట్‌కట్‌నే పెట్టవలెను గాని అసలు ఫోల్డరును పెట్టరాదు. పెట్టినచో పంపిన ఫైళ్ళన్నియు కంప్యూటరు లోలోపల, మామూలుగా కంటికి కనిపించని చోట చేరును. తరువాత వెదకువారికి దొరకవు.

షార్ట్‌కట్ చేసిన తరువాత అసలు ఫోల్డరును వేరొక చోటికి జరుపరాదు. జరిపినచో దారి తప్పును. జరుపవలసి వచ్చినచో పాత షార్ట్‌కట్ తీసివేసి కొత్తది చేయవలెను.

తండ్రికొక ప్రవేశము, కుమారునికొక ప్రవేశము అని కంప్యూటరులో వేరువేరుగా ఉన్నచో, ఈ ఏర్పాటు చేసినవారి ప్రవేశమునందు మాత్రమే కనిపించును. రెండింటిలోను చేయవలెను.

పట్టీని మార్చుటకు రిజిస్ట్రీ అను మరియొక మార్గము కలదు. కంప్యూటరు ఆయువుపట్టులన్నియు అందులోనే ఉండును. తెలియక ఒకటి తుడిచినచో యంత్రము తెరచుకొనకపోవచ్చును. మన పనికి సెండ్ టు చాలును గావున, ఆ జోలికి పోవద్దని గట్టిగా చెప్పుచున్నాము. పట్టీని మెరుగుపరచుదుమని చెప్పి ఊరుపేరు లేని సాఫ్ట్‌వేర్లను తెచ్చి పెట్టుట అంతకంటెను ప్రమాదము.

ఇంటిలో ఎవరు నేర్వవలెను?

కంప్యూటరు పని కుర్రవానిదని, చదువుకొన్న కోడలిదని ఒకరికే వదలివేయుట మనలో ఉన్న పెద్ద లోపము. పడుగు అతుకుట ఇంటిలో ఒక్కరికే తెలిసినచో, ఆ ఒక్కరు జబ్బుపడిననాడు మగ్గము నిలిచిపోవును. కండెలు చుట్టు అవ్వకు సైతము, నమూనాలు ‘2’లో ఉన్నవని తెలియవలెను. నాలుగు పేర్లను పెద్ద అక్షరములతో కాగితముమీద వ్రాసి కంప్యూటరు వెనుక గోడకు అంటించుడు. షిఫ్టు అనగా తరలింపు, కంట్రోలు అనగా నకలు అని దాని క్రింద వ్రాయుడు. పాత ఫైళ్ళన్నిటిని ఒక్కరోజున సర్దవలెనని కూర్చుండవద్దు. విసుగు పుట్టి పని మొదటికే మోసము వచ్చును. ఈనాటినుండి వచ్చినవి క్రమముగా పెట్టుచు, పాతవాటిని రోజునకు పది చొప్పున సర్దుకొనుడు.

అభ్యాసము

1. మీ ఇంటికి గత వారములో వచ్చిన ఫైళ్ళు ఎన్ని రకములో వ్రాయుడు. నాలుగింటికి మించినచో వేటిని కలుపవచ్చునో ఆలోచింపుడు.

2. సెండ్ టు ఫోల్డరు తెరచి మీ పేర్లు నాలుగు చేర్చుడు. ప్రతి పేరును ఒక పనికిరాని ఫైలుతో పరీక్షింపుడు.

3. ఒకే ఫైలును షిఫ్టుతోను, కంట్రోలుతోను పంపి, భేదమును ఇంటిలో ఇంకొకరికి చూపుడు.

4. నమూనాల ఫోల్డరును జిప్పు మూట కట్టి, తేదీ వేసి, పెన్‌డ్రైవునకు పంపుడు.

5. ఇంటిలో కంప్యూటరు ముట్టనివారిని కూర్చుండబెట్టి, గత పండుగనాటి అంచు నొకదానిని తీయుమనుడు. వారు మీ సాయము లేక తీయగలిగినచో ఈ పాఠము మీ ఇంట పూర్తియయినట్లే. తీయలేకపోయినచో పేర్లను వారికి తెలియునట్లు మార్చుడు.